తూకానికి కాదు, మోతకు వెల కట్టండి
పాత గిడ్డంగి ర్యాకులు కొనే రైతులకు, డీలర్లకు ఒక మనవి

ప్లాట్‌ఫారం ప్రక్కన గూడ్సు రైలు ఆగినప్పుడు వ్యాగన్ల ప్రక్కరేకుల మీద వ్రాసి ఉన్న అంకెలను మీరు ఎప్పుడైనా గమనించారా? ఖాళీ వ్యాగన్ బరువెంత, అందులో ఎంత సరుకు నింపవచ్చు, చివరిసారి పూర్తి మరమ్మతు ఏ వర్కుషాపులో ఏ తేదీన జరిగింది, మరల ఎప్పటికి జరగాలి అన్న సంగతులన్నీ తెల్లరంగుతో వ్రాసి ఉంటాయి. వ్యాగన్ పాతదా కొత్తదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. పాతికేళ్ళు తిరిగిన వ్యాగన్‌లోనైనా నిశ్చింతగా సరుకు నింపుతారు. ఎందుకంటే అది ఎంత మోయగలదో తెలుసు, దానిని ఎవరు ఎప్పుడు పరీక్షించారో తెలుసు.

ఈ వ్యాసానికి ఖరగ్‌పూర్ పట్టణంతో శ్రీకారం చుట్టడానికి కారణం ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దం చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ ఊరికి చేరిన నాటి నుండి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఆ రైల్వేను నమ్ముకొని అక్కడ స్థిరపడినాయి. మథురాకాటిలోను, నింపురాలోను తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి నిర్ణయించిందంటే ఆ పట్టణపు తెలుగువారే ముఖ్య కారణం. ఖరగ్‌పూర్ వర్కుషాపులో ఫిట్టర్లుగా, ఖలాసీలుగా పనిచేసిన తండ్రులు, తాతలు తమ పిల్లలకు ఒక పాఠం నేర్పి ఉంటారు. వాడిన ఇనుమును చూపుతో నమ్మరాదు, కొలిచి నమ్మాలి. వర్కుషాపుకు వచ్చిన ఇరుసును కొలుస్తారు, శబ్దతరంగాలతో లోపలి పగుళ్ళను వెదుకుతారు. పనికి వస్తే ముద్ర వేసి తిరిగి పంపుతారు. పనికిరాకపోతే తుక్కులో వేస్తారు. ఈ రెంటికీ నడుమ మూడవ దారి లేదు.

గిడ్డంగులలో వాడిన ర్యాకుల విషయంలో మాత్రం మన వ్యాపారులు చాలామంది ఆ మూడవ దారినే నడుస్తున్నారు. పరీక్ష లేదు, ముద్ర లేదు, మోతకు లెక్క లేదు. తుక్కు ధరకు కొంచెం ఎక్కువగా, కొత్త ధరకు చాలా తక్కువగా, కిలోల లెక్కన బేరమాడి లారీకి ఎత్తించుకొని వస్తున్నారు. ఇది సరికాదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. పాత ర్యాకులు కొనవద్దని మేము అనడం లేదు. కొనండి, కాని ఇనుము తూకానికి కాక, అది మోయగల బరువుకు వెల కట్టండి. ఆ బరువు ఎంతో ఎవరూ చెప్పలేని ర్యాకుకు తుక్కు ధర తప్ప మరొక ధర లేదని గ్రహించండి.

పాత ర్యాకులు ఎక్కడ నుండి వస్తాయి?

కలకత్తా నుండి మద్రాసుకు వచ్చే 16వ నెంబరు జాతీయ రహదారి దన్‌కుని, ఉలుబేరియా, ఖరగ్‌పూర్, బాలేశ్వర్ మీదుగా శ్రీకాకుళం జిల్లాలో ప్రవేశిస్తుంది. ఈ దారి పొడవునా, ముఖ్యంగా కలకత్తా శివార్లలో, పెద్ద పెద్ద అద్దె గిడ్డంగులు వెలసినాయి. ఏదైనా ఒక కంపెనీ గిడ్డంగిని ఖాళీ చేసినపుడు, లేదా మరింత ఎత్తయిన ర్యాకులు వేసుకొన్నపుడు, పాత ర్యాకులు అమ్మకానికి వస్తాయి. వాటిలో మంచివి ఉంటాయి. ఇనుము వయస్సుతో చెడదు. వంగకుండా, తుప్పు పట్టకుండా, చెప్పిన బరువుకు మించి మోయకుండా ఉంటే పదేళ్ళ ర్యాకు కూడ కొత్తదానివలెనే పనిచేస్తుంది. చిన్న డీలరుకు, ఎరువుల సొసైటీకి, విత్తన వ్యాపారికి ఇది నిజంగా అందివచ్చిన అవకాశమే. కనుక “పాతవి ముట్టుకోకండి” అనే పెద్దల సలహాతో మేము ఏకీభవించలేము.

అయితే కొనే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. మీకు అసలు ర్యాకు అవసరమా? ఒకే రకం ధాన్యం బస్తాలను చెక్క దిమ్మెల మీద నెట్టుగా పేర్చుకొనేవారికి ర్యాకు వలన లాభం తక్కువ. పైగా ఫోర్క్‌లిఫ్ట్ తిరగడానికి వరుసల నడుమ మూడు మీటర్లకు పైగా దారి విడువవలసి వస్తుంది. ఇరవై రకాల విత్తనాలు, పదిరకాల ఎరువులు, పురుగుమందుల పెట్టెలు ఉంచేవారికి, ముందు వచ్చిన సరుకును ముందే బయటకు పంపవలసినవారికి మాత్రం ర్యాకు ఎంతో మేలు చేస్తుంది. హమాలీలు చేతితో ఎత్తి పెట్టే చోట మనిషి ఎత్తు బల్లలు చాలును. ఆరు మీటర్ల ర్యాకులు అక్కరలేదు.

“ఇనుము ఇనుమే కదా” అనేవారికి జవాబు

పాత ఇనుము వ్యాపారి చెప్పే మొదటి మాట ఇది: “ఇది ఇరవై ఏళ్ళు నిలబడింది, ఇంకా నలభై ఏళ్ళు నిలబడుతుంది.” ఈ మాటకు మీరు వేయవలసిన ఎదురు ప్రశ్న ఒక్కటే. ఎంత బరువుతో, ఏ అమరికలో నిలబడింది?

ర్యాకు నిర్మాణం చాలా సులభమైనది. రెండు నిలువు స్తంభాలను బ్రేసింగ్ పట్టీలతో కలిపితే ఒక ఫ్రేము అవుతుంది. రెండు ఫ్రేముల నడుమ ముందొక బీము, వెనుకొక బీము తగిలిస్తే ఒక అర అవుతుంది. ఆ బీముల మీద ప్యాలెట్లు కూర్చుంటాయి. స్తంభాలు పలుచని ఉక్కు రేకును చల్లగా వంచి తయారుచేసినవి. చాలా ర్యాకులలో ఆ రేకు మందం రెండు మిల్లీమీటర్ల అటూ ఇటూ మాత్రమే. ఆ బలమంతా వంపుల ఆకారంలో ఉన్నది. ఆకారం చెడితే బలం పోతుంది. దూలానికి చిన్న సొట్ట పడితే దూలం మోస్తూనే ఉంటుంది. పలుచని స్తంభానికి అదే సొట్ట పడితే అది ఎప్పుడు మడతపడుతుందో చెప్పలేము.

అంతేకాదు. స్తంభం ఎంత మోస్తుందన్నది దాని మందాన్ని బట్టే కాక, నేల నుండి మొదటి బీము ఎంత ఎత్తులో ఉన్నది, బీముకు బీముకు నడుమ ఎంత దూరమున్నది అనే దానిని బట్టి కూడ మారుతుంది. పొడవైన సన్నని స్తంభానికి ఆధారం లేని పొడవు రెట్టింపయితే అది వంగిపోయే బరువు నాలుగో వంతుకు పడిపోతుందని పద్దెనిమిదవ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ లెక్క కట్టి చూపినాడు. అసలు ర్యాకులో లెక్క ఇంత సూటిగా ఉండదు, కాని దిశ ఇదే. ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉన్న క్రింది బీమును “పొడుగు పెట్టెలు పట్టడం లేదు” అని తీసివేసి మూడు మీటర్ల ఎత్తున ఉన్న బీముతో సరిపెట్టుకొన్న వ్యాపారి, తనకు తెలియకుండానే ర్యాకు మోతను బాగా తగ్గించుకొన్నాడు. ర్యాకు అదే, ఇనుము అదే, తూకం కూడ దాదాపు అదే. మోత మాత్రం అది కాదు. అందుకే కిలోల లెక్క మోసపు లెక్క అని మేము అంటున్నాము.

బస్తాల లెక్క

ఇపుడొక ఉదాహరణ చూడండి. ఒక జత బీములు మొత్తం 2,000 కిలోలు మోయగలవని తయారీదారు వ్రాసి ఇచ్చినాడనుకొందాము. ఆ అరలో రెండు ప్యాలెట్లు ఉంటాయి. అంటే ప్యాలెట్ ఒక్కింటికి 1,000 కిలోలు. ఇరవై బియ్యం బస్తాలు, బస్తా 50 కిలోలు, సరిగ్గా వేయి కిలోలు అని మీ గుమాస్తా లెక్క వేస్తాడు. కాని చెక్క ప్యాలెట్ బరువు 25 కిలోలు ఉంటే మొత్తం 1,025 కిలోలు అయినది. అంటే పరిమితి దాటినది. పందొమ్మిది బస్తాలే పెట్టాలి. 2018 నుండి యూరియా బస్తా 45 కిలోలది కనుక యూరియా అయితే ఇరవై ఒకటి పెట్టవచ్చును. ఇరవై రెండు పెట్టరాదు.

ఇపుడు ఫ్రేము సంగతి చూద్దాము. నేల మీద కాక పైన మూడు అరలు ఉంటే ఒక వరుసలో 6,000 కిలోలు. నడిమి ఫ్రేము ఎడమవైపు వరుసలో సగం, కుడివైపు వరుసలో సగం మోస్తుంది కనుక దాని మీద మొత్తం 6,000 కిలోలు పడతాయి. ఆ ఫ్రేముకు రెండు కాళ్ళు. ఒక్కొక్క కాలు మీద మూడు టన్నులు. ఆ కాలి క్రింది బేస్ ప్లేటు పది సెంటీమీటర్ల చదరం అయితే, చదరపు సెంటీమీటరుకు ముప్పై కిలోల ఒత్తిడి మీ గిడ్డంగి నేల మీద పడుతుంది. ఇటుక ముక్కల మీద పలుచగా సిమెంటు పూసిన నేల, లేదా నాపరాళ్ళు పరచిన నేల, దీనికి తట్టుకోవడం కష్టం. ఒక కాలు క్రింద నేల కొద్దిగా క్రుంగినా ర్యాకు ఒరుగుతుంది. ఒరిగిన ర్యాకు తన బరువుతోనే ఇంకా ఒరుగుతుంది. కనుక ర్యాకు ధర అడిగే ముందు మీ గిడ్డంగి నేలలో కాంక్రీటు మందం ఎంతో తెలుసుకోండి.

కొనే ముందు చేతితో చూడవలసినవి

బేరానికి వెళ్ళేటపుడు ఒక మీటరు పొడవైన నిక్కమైన ఉక్కు పట్టీ, ఒక తూకపు దారం, ఒక టార్చిలైటు మీ వెంట తీసుకొని వెళ్ళండి. ఐరోపా దేశాలలో ర్యాకుల వాడకానికి ఇ.ఎన్. 15635 అనే ప్రమాణం ఉన్నది. మన వ్యాపారి దానిని మక్కీకి మక్కీ పాటించనక్కర లేదు గాని, అందులోని కొలతలు ఎంతో ఉపయోగకరమైనవి.

మీటరు పట్టీని స్తంభం వంపు ఉన్న చోట, వంపు పట్టీ నడుమకు వచ్చేలా ఆనించండి. బీముల దిశలో వంగి ఉంటే పట్టీకి స్తంభానికి మధ్య సందు 5 మిల్లీమీటర్లు మించరాదు. బ్రేసింగ్ ఉన్న దిశలో, అంటే ముందు వెనుకలకు, వంగి ఉంటే 3 మిల్లీమీటర్లు మించరాదు. బ్రేసింగ్ పట్టీలకు 10 మిల్లీమీటర్లు హద్దు. ఈ హద్దు దాటిన ఫ్రేమును సరుకు దించి మార్చవలసినదిగాను, హద్దుకు రెట్టింపు దాటిన దానిని తక్షణమే ఖాళీ చేయవలసినదిగాను ఆ ప్రమాణం చెబుతుంది. కొనేవారికి ఇంకా సులువు. హద్దు దాటినదానిని కొనకండి.

తరువాత ఈ క్రింది సంగతులు వరుసగా చూడండి.

స్తంభం అడుగు భాగం: ఫోర్క్‌లిఫ్ట్ దెబ్బలు, తుప్పు ఎక్కువగా ఇక్కడే ఉంటాయి. ఎరువుల గిడ్డంగి నుండి వచ్చిన ర్యాకు అయితే మరింత జాగ్రత్త వహించాలి. ఎరువులు తేమను పీల్చుకొని ఇనుమును తినివేస్తాయి. తాజాగా రంగు వేసి ఉంటే రంగు క్రింద గీకి చూడండి. ర్యాకు అమ్మకానికి ముందు వేసిన క్రొత్త రంగు అందానికి కాక, దాచడానికి వేసినదని అనుమానించడంలో తప్పు లేదు.

బీము కొసలు: బీము కొసన ఉండే కొక్కేలు విరిగినా, తెరుచుకొన్నా, అక్కడి వెల్డింగు పగిలినా ఆ బీము పనికిరాదు. సరుకు లేనపుడు కూడ నడుమ క్రుంగి ఉన్న బీమును తీసుకోరాదు. సరుకు ఉన్నపుడు బీము కొంత వంగడం సహజమే. పొడవులో రెండువందవ వంతు వరకు, అంటే 2.7 మీటర్ల బీముకు పదమూడున్నర మిల్లీమీటర్ల వరకు, సాధారణంగా అంగీకరిస్తారు. బరువు తీసిన పిదప ఆ వంపు పోవాలి.

పిన్నులు: ప్రతి బీముకు రెండు కొసలా సేఫ్టీ పిన్ను ఉండాలి. ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ము పొరపాటున క్రింది నుండి బీమును ఎత్తితే కొక్కెం ఊడి రాకుండా కాపాడేది ఇదే. పాత ర్యాకులలో సగానికి సగం పిన్నులు పోయి ఉండడం, వాటి స్థానంలో మేకులు, తీగలు కట్టి ఉండడం చూస్తాము. తయారీదారు పిన్నులే తెప్పించుకోవాలి.

ఒకే తయారీ: ఒక కంపెనీ స్తంభానికి వేరొక కంపెనీ బీము తగిలినట్లే కనిపిస్తుంది. కన్నాల దూరంలో, కొక్కెం లోతులో ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా అది సరిగా కూర్చోదు. కలగూర గంప ర్యాకుకు మోత లెక్క కట్టగల ఇంజనీరు ఎవరూ ఉండరు.

మరమ్మతు జాడలు: సొట్టను సుత్తితో కొట్టి సరిచేసిన గుర్తులు, నిప్పుతో కాల్చి నిటారు చేసిన నీలిమచ్చలు, ముక్కను అతికి వేసిన వెల్డింగు కనిపిస్తే ఆ స్తంభాన్ని ప్రక్కకు పెట్టించండి. చల్లగా వంచిన పలుచని ఉక్కును కాలిస్తే దాని బలం తగ్గుతుంది. మన గ్రామంలోని వెల్డరు ఎంత పనిమంతుడైనా ఆ బలాన్ని తిరిగి తేలేడు.

కాగితాలు లేని ర్యాకు

ర్యాకుతో పాటు మీకు రావలసిన కాగితాలు మూడు. ఒకటి, తయారీదారు పేరు, నమూనా, ఏ అమరికలో ఎంత మోస్తుందో తెలిపే మోత పత్రం. అది పోయి ఉంటే తయారీదారునే అడిగితే స్తంభం కొలతలను బట్టి చెప్పగలరు. తయారీదారు కనబడని పక్షంలో నిర్మాణశాస్త్రం తెలిసిన ఇంజనీరు చేత కొలిపించి, పలుచని ఉక్కు నిర్మాణాలకు సంబంధించిన భారత ప్రమాణం ఐ.ఎస్. 801 వంటి ఆధారాలతో లెక్క కట్టించుకోవాలి. రెండు, అమ్మేవాని పేర ఉన్న కొనుగోలు బిల్లు. మూడు, ఆ ర్యాకుల మీద మరే బ్యాంకుకూ తాకట్టు లేదని తెలిపే లేఖ. గిడ్డంగులను ఖాళీ చేసే కంపెనీలన్నీ లాభాలలో ఉండి ఖాళీ చేయవు. అప్పిచ్చిన వారి హక్కు ఆ ఇనుమును అంటిపెట్టుకొని మీ గిడ్డంగి దాకా వస్తుంది.

ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణాలలో కొనేవారికి మరొక హెచ్చరిక. పాత పట్టాల ముక్కలతోను, ఇతర రైల్వే ఇనుముతోను అతికి చేసిన అరలు ఎవరైనా చౌకగా చూపితే దూరంగా ఉండండి. 1966 నాటి రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం అమలులో ఉన్నది. దొంగిలించినదని అనుమానించదగిన రైల్వే వస్తువు మీ వద్ద దొరికితే, అది న్యాయంగా వచ్చినదని చూపవలసిన భారం మీ మీదనే పడుతుంది. రైల్వేవారు తమ తుక్కును బహిరంగ వేలంలోనే అమ్ముతారు. ఆ వేలం కాగితం లేని రైల్వే ఇనుము ఎంత చౌకగా వచ్చినా చౌక కాదు.

నిలబెట్టేటప్పుడు, వాడేటప్పుడు

ర్యాకును విప్పినవారు వేరు, నిలబెట్టేవారు వేరు అయినపుడు తప్పులు జరుగుతాయి. విప్పడానికి ముందే ఫోటోలు తీయించి, ప్రతి ఫ్రేముకు నెంబరు వేయించండి. ప్రతి కాలికి బేస్ ప్లేటు, ప్రతి ప్లేటుకు క్రొత్త యాంకర్ బోల్టులు ఉండాలి. పాత బోల్టులను మరల వాడరాదు. నేల ఎత్తుపల్లాలను ఉక్కు పలకలతోనే సరిచేయాలి. చెక్క ముక్కలు, రాతి ముక్కలు పెట్టరాదు. తూకపు దారంతో ప్రతి స్తంభం నిటారును రెండు దిశలలోను చూడాలి. వరుసల చివరి కాళ్ళకు, మలుపు దగ్గరి కాళ్ళకు కనీసం 400 మిల్లీమీటర్ల ఎత్తు గల రక్షణ కవచాలు నేలకు బిగించాలి.

ప్రతి వరుసకు ఒక మోత పలక కట్టించండి. దాని మీద కిలోలతో పాటు బస్తాల లెక్క కూడ వ్రాయించండి. “ఒక్కొక్క ప్యాలెట్‌కు బియ్యం 19, యూరియా 21” అని వ్రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది. పలక సరుకు మోసేవారి భాషలో ఉండాలి. ఖరగ్‌పూర్ గోల్‌బజారు వంటి చోట బెంగాలీ, హిందీ, తెలుగు మూడూ కావాలి. మన జిల్లాలలో తెలుగుతో పాటు వలస కూలీల భాష కావాలి. చదువలేని పలక గోడకు అలంకారమే.

వారానికొకసారి మీ మనుషులలో ఒకరు వరుసల వెంట నడచి దెబ్బలు చూడాలి. దెబ్బ తగిలిన సంగతి చెప్పిన ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరును దండించకండి. దండిస్తారని తెలిస్తే అతడు మరుసటిసారి చెప్పడు. చెప్పని దెబ్బ చెప్పిన దెబ్బకన్న పదిరెట్లు ప్రమాదం. సంవత్సరానికొకసారి తెలిసిన నిపుణుడి చేత పరీక్ష చేయించాలి. పరీక్ష తేదీని, మరల చేయించవలసిన తేదీని మోత పలక మీద వ్రాయించండి. వ్యాగన్ మీద వ్రాసినట్లు.

ఇదంతా అతి జాగ్రత్త అనిపించవచ్చును. 2016 మే నెలలో ఇంగ్లండులోని హిన్‌స్టాక్ గ్రామం దగ్గర ఒక గిడ్డంగిలో జున్ను నిలువచేసిన ర్యాకులు కూలినాయి. ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్న మనిషి సుమారు ఎనిమిది గంటలు ఆ ఇనుము, సరుకుల క్రింద చిక్కుకొని, అదృష్టవశాత్తు ప్రాణాలతో బయటపడినాడు. 2020 అక్టోబరులో బ్రెజిల్ దేశపు సావో లూయీస్ నగరంలో ఒక పెద్ద టోకు దుకాణంలో ఎత్తయిన అరలు ఒకదాని మీద ఒకటి పడి ఒక ఉద్యోగిని మరణించినది. అక్కడ ఆ అదృష్టం లేకపోయినది. ర్యాకు ఒక్కటిగా కూలదు. ఒక వరుస ప్రక్క వరుసను పడదోస్తుంది. కొన్ని క్షణాలలో అంతా అయిపోతుంది. పారిపోవడానికి వ్యవధి ఉండదు.

ఋణం, ఖర్చు, బాధ్యత

ఈ పత్రిక పాఠకులకు గిడ్డంగికి, పరపతికి ఉన్న సంబంధం క్రొత్తది కాదు. 1954లో వెలువడిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే నివేదిక గిడ్డంగులు లేని చోట పరపతి నిలబడదని గుర్తించినది. దాని ఫలితంగానే 1956లో చట్టం వచ్చి, 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ ఏర్పడినది. 2007 చట్టం క్రింద నమోదైన గిడ్డంగులు ఇచ్చే రశీదుల మీద నేడు రైతుకు అప్పు పుడుతున్నది. అంటే గిడ్డంగిలో ఉన్న సరుకు ఒకరి పంట, ఒకరి వ్యాపారం, ఒకరి బాకీకి హామీ. ర్యాకు కూలితే ఈ మూడూ ఒక్కసారిగా కూలుతాయి. వాటి క్రింద ఒక హమాలీ ఉంటే, అప్పుడు లెక్క రూపాయలలో తేలదు. పనిలో గాయపడిన కార్మికునికి యజమాని పరిహారం చెల్లించాలన్న నియమం మన దేశంలో 1923 నుండి ఉన్నది. పరిహారం ఇంటి మనిషిని తెచ్చి ఇవ్వదు.

ఇక ఖర్చు మాట. లెక్క సులువు కోసం క్రొత్త ర్యాకు నూరు రూపాయలు, పాతది యాభై రూపాయలు అనుకొందాము. విప్పడం, రవాణా, నిలబెట్టడం పది రూపాయలు. క్రొత్త పిన్నులు, బోల్టులు, కాలి కవచాలు పది. పనికిరాని స్తంభాలకు మార్పిడి ఎనిమిది. ఇంజనీరు పరీక్ష, మోత పత్రం ఐదు. మొత్తం ఎనభైమూడు. అంటే సగానికి సగం మిగులుతుందనుకొన్నది పదిహేడే మిగులుతుంది. ఈ పదిహేడు నిజమైన లాభం. పై ఖర్చులు ఎగగొట్టి చూపించే యాభై లాభం కాదు, అది ఇతరుల ప్రాణాల మీద తీసుకొన్న అప్పు. మీ లెక్కలో ఏమీ మిగలకపోతే క్రొత్తది కొనడమే మేలు. ఈ లెక్కను బేరానికి ముందే కాగితం మీద వేయండి. తరువాత వేస్తే చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లే.

ఋణం కోరి వచ్చినవారిని బ్యాంకు శాఖలో మోత పత్రం, ఇంజనీరు నివేదిక అడిగితే చాలామంది దానిని అడ్డంకిగా భావిస్తారు. అది అడ్డంకి కాదు. ఆ పత్రం మొదట కాపాడేది మిమ్ములను, తరువాతనే బ్యాంకును. మా అభిప్రాయంలో బ్యాంకులు కూడ ఒక మెట్టు ముందుకు రావాలి. పాత ర్యాకులకు ఋణం ఇచ్చేటపుడు ఇనుము విలువకు మాత్రమే కాక, పరీక్షకు, బోల్టులకు, నేల బాగుచేయడానికి అయ్యే ఖర్చును కూడ ప్రాజెక్టు వ్యయంలో కలిపి అప్పు ఇవ్వాలి. ఆ ఖర్చుకు అప్పు ఇవ్వకుండా ర్యాకుకు మాత్రమే ఇస్తే, ఋణగ్రహీతను పరీక్ష ఎగగొట్టమని మనమే ప్రోత్సహించినట్లవుతుంది. 2020లో ప్రారంభమైన వ్యవసాయ మౌలిక వసతుల నిధి క్రింద రెండు కోట్ల రూపాయల వరకు ఋణానికి ఏడేళ్ళ పాటు మూడు శాతం వడ్డీ రాయితీ ఉన్నది. గిడ్డంగి కట్టేవారు ర్యాకును ఎంచుకొనే ముందే ఈ నిధి గురించి శాఖాధికారితో మాట్లాడి, పాత సామగ్రి విషయంలో నియమమేమిటో వ్రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది.

డీలరు సోదరులకు చివరి మాట. పాత ర్యాకులు అమ్మే వ్యాపారం గౌరవమైన వ్యాపారమే. మీరు కొని తెచ్చిన ప్రతి ఫ్రేమును కొలిచి, పనికివచ్చే దానిమీద మోత వ్రాసి, పనికిరాని దానిని కోసి తుక్కులో వేస్తే మీ సరుకుకు మంచి ధర వస్తుంది. కోయకుండా వదిలిన వంకర స్తంభం ఏదో ఒకనాడు ఎవరి గిడ్డంగిలోనో నిలబడుతుంది.

ఖరగ్‌పూర్ వర్కుషాపులోని మన తాతలు ఇరుసు మీద ముద్ర వేసేటపుడు ఆ బండిలో ఎవరు ఎక్కుతారో వారికి తెలియదు. తెలియని మనుషుల కోసమే వారు కొలిచినారు. మీ ర్యాకు క్రింద నడిచే హమాలీ మీకు పేరుతో తెలిసినవాడు. అతని కోసం ఆ మాత్రం కొలవడం మనకు భారం కారాదు.